బెల్లం కాటా మీద ల్యాప్‌టాప్

రోజూ విజయనగరం నుంచి వైజాగ్ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లని సాయంత్రం ప్లాట్‌ఫారం మీద వరసగా నిలబెట్టి చూడండి, అందరికీ ఒక భుజం ఇంకో భుజం కన్నా రెండంగుళాలు కిందకి ఉంటుంది, అది ల్యాప్‌టాప్ భుజం. నాది కుడిది. ఆరేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్, 15.6 అంగుళాల స్క్రీను, ఛార్జర్‌తో కలిపితే మూడు కిలోలకి కాస్త తక్కువ, దాన్ని తగిలించుకుని కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస అని లెక్కపెట్టుకుంటూ 60 కిలోమీటర్లు నిలబడి వెళ్తే, నేను ఆడిటర్ ఆఫీసులో పనికి వచ్చానా, స్టేషన్లో మూటలు దించడానికి వచ్చానా అని నాకే డౌటొచ్చేది.

ఒకరోజు లేడీస్ కంపార్ట్‌మెంట్‌లో ఒకావిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పల్చటి ల్యాప్‌టాప్ తీసింది. రెండు వేళ్లతో, అప్పడం తీసినట్టు. ఒళ్లో పెట్టుకుని టకటకా మెయిల్ కొట్టేసి మళ్లీ టిఫిన్ డబ్బా పక్కన దోపేసింది. ఆ రోజే డిసైడైపోయాను.

డిసైడైపోవడం నా చేతిలో పని, కొనడం మాత్రం ఇంటిల్లపాదీ చేతిలో పని కదా.

మా ఆయనకి ఒకటే ప్రశ్న, ఎంత. మా మరిదికి ఒకటే ప్రశ్న, లోపల ప్రాసెసర్ ఏంటి. వాడు బీటెక్, వాడి దగ్గరో గేమింగ్ ల్యాప్‌టాప్ ఉంది, దానికి ఛార్జర్ అనలేం, ఇటుక అనాలి, ఆన్ చేస్తే ఫ్యాన్ల మోతకి పక్కింటివాళ్లు మిక్సీ ఏమో అనుకుంటారు. నాకు కావాల్సింది భుజం. ఇక మా మావయ్యగారు, రిటైరైన లెక్కల మాస్టారు, సొంతూరు పొందూరు దగ్గర, ఏ విషయమైనా చివరికి ఖద్దరు దగ్గరికే తెస్తారు.

నేను చూసుకున్నది 92 వేలు. మా ఆయన ఫోన్లో ఇంకోటి తీసి చూపించాడు, 61 వేలు, అదే ర్యామ్, అదే 512 జీబీ స్టోరేజీ, పైగా స్క్రీను పెద్దది. "31 వేలు ఎక్కువిచ్చి కిలో తక్కువ కొనుక్కుంటావా? ఎక్కడైనా సరుకు తక్కువ తూగితే డబ్బులు తగ్గిస్తారు గానీ పెంచుతారా?" అన్నాడు.

దానికి నేను నోరు తెరిచేలోపే మావయ్యగారు అందుకున్నారు. "ఏట్రా ఆ మాట? పొందూరు పంచె ఎందుకు ఖరీదు? వాలుగ చేప దవడతో పత్తి ఏకి, 100 కౌంటు నూలు చేత్తో వడికితే గానీ ఆ సన్నం రాదు. సన్నం అయ్యేకొద్దీ పని ఎక్కువ, పనిని బట్టే ధర. బరువు చూసి కొనాలంటే గోనె సంచి కట్టుకో." ఆ క్షణంలో ఆయనకి కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టేదాన్నే, ఆయన వెంటనే "కానీ పొందూరు పంచెకి ఛార్జర్ అక్కర్లేదమ్మా" అనకపోయి ఉంటే.

మరిది గొడవ ఇంకోటి. "వదినా, స్టిక్కరు మీద ప్రాసెసర్ పేరు ఐ సెవెన్ అని ఉందని మురిసిపోకు, పేరు చివర అక్షరం చూడు. యూ అంటే 15 వాట్ల రకం, హెచ్ అంటే 45 వాట్ల రకం, రెండూ ఐ సెవెన్లే, రెండూ ఒకటి కాదు" అని పెద్ద క్లాసు పీకాడు. నాకు అది వంటింట్లోకి వచ్చాక అర్థమైంది. పొయ్యికి పెద్ద బర్నరూ చిన్న బర్నరూ ఉంటాయి కదా, గ్యాస్ అదే, గిన్నె అదే, కానీ చిన్న దాని మీద పదిమందికి అన్నం పెడితే ఎంతకీ ఉడకదు. మరి పల్చటి దాంట్లో పెద్ద బర్నరే పెట్టొచ్చు కదా అంటే ఆ వేడి పోవడానికి చోటుండదట, చోటు కావాలంటే ఫ్యాన్ పెద్దదవ్వాలి, రాగి గొట్టాలు లావవ్వాలి, అవి లావైతే ల్యాప్‌టాప్ లావైపోద్ది, అప్పుడు మళ్లీ నా భుజం. వేడి పెరిగితే అదే స్పీడు తగ్గించేసుకుంటుందట, దాన్ని థ్రాట్లింగ్ అంటారట. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మా ఆఫీసులో కూడా అదే జరుగుద్ది, పేరు తెలీదంతే.

ఫ్యానే లేని ల్యాప్‌టాప్ కూడా ఉందని, యాపిల్ వాళ్లు 2020లో ఎం1 చిప్ పెట్టి వదిలిన మ్యాక్‌బుక్ ఎయిర్ అలాంటిదేనని, ఆ చిప్ తక్కువ కరెంటు తింటుంది కాబట్టి వేడి తక్కువని మరిది చెప్తే మా ఆయన బిత్తరపోయాడు. "ఫ్యాన్ తీసేసి రేటు పెంచారా?" అన్నాడు. నాకెలాగూ కుదరదులెండి, మా ఆఫీసులో లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడవాలి. కానీ మాట వచ్చింది కదా అని మరిది మావయ్యగారికి పాత వీడియో చూపించాడు, 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఆఫీసు కవరు తాడు విప్పి అందులోంచి మొట్టమొదటి మ్యాక్‌బుక్ ఎయిర్ బయటికి తీస్తే జనం చప్పట్లు కొట్టే వీడియో. ధర 1,799 డాలర్లు, సీడీ డ్రైవు లేదు, యూఎస్‌బీ పోర్టు ఒకే ఒక్కటి. మావయ్యగారు కళ్లజోడు సర్దుకుని మొత్తం చూసి, "కవర్లోంచి తీసేడు, బాగుంది. ఛార్జర్ ఏ కవర్లో పెట్టుకొచ్చేడు?" అన్నారు.

ఆ ప్రశ్నే నా కొంప ముంచింది.

సరే, పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి, ఈఎంఐ పెట్టి, ఆ నెల పట్టుచీర మానేసుకుని కొనేశాను. పెట్టె మీద 1.2 కేజీ అని ఉంది. మొదటి రోజు బ్యాగు భుజానికి తగిలించుకుని గడప దాటాక, ల్యాప్‌టాప్ మర్చిపోయానేమో అని మళ్లీ లోపలికొచ్చి చూసుకున్నాను, అంత హాయి. రెండో రోజు ఆఫీసులో ప్రొజెక్టర్‌కి పెట్టబోతే హెచ్‌డీఎంఐ పోర్టు లేదు, ఉన్నవి రెండే రెండు సన్న కన్నాలు, టైప్-సీ అంట. ఆ కన్నంలో గుచ్చితే మిగతా పోర్టులు ఇచ్చే హబ్ కొన్నాను. క్లయింటు పాత ఫైళ్లన్నీ ఇందులో పట్టవు, లోపలి హార్డ్‌డిస్కు మార్చుకుందామంటే వారంటీ పోద్దేమోనని భయం, కాబట్టి బయటి హార్డ్‌డిస్కు ఒకటి కొన్నాను. కీబోర్డు నొక్కితే దిగదు, టచ్‌ప్యాడ్ నా మాట వినదు, మౌసు. స్క్రీను కిందకుందని మెడ నొప్పి, స్టాండు. నెల తిరిగేసరికి బ్యాగు మళ్లీ నిండింది, భుజం మళ్లీ దిగింది, నేను మాత్రం ఎవరడిగినా "అబ్బ, దూదిపింజ" అని చెప్తూనే ఉన్నాను. 92 వేలు పోశాక ఎవరైనా అదే చెప్తారు.

శ్రావణమాసంలో ఒక ఆదివారం మా ఆయన నా బ్యాగు పక్కకి జరపబోయి ఆగిపోయాడు. మళ్లీ ఎత్తాడు. "ఇదేంటి, పాతదే మోస్తున్నావా?" అన్నాడు. మరిది ఇకిలించాడు, "అన్నయ్యా, వదిన లగేజీ కన్నా నా గేమింగ్ ల్యాప్‌టాపే తేలిక" అన్నాడు. నేను కాదన్నాను. వాడు పందెం అన్నాడు. ఇంట్లో ఉన్నది మనుషులు ఎక్కే మిషను, అది అత్తయ్యని రోజుకో బరువు చూపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ నమ్మరు. మావయ్యగారు అప్పటికే చెప్పులేసుకుంటున్నారు. "గొడవెందుకు, కొట్లో కాటా ఉంది. తూసేద్దాం పదండి."

మూడు లాంతర్ల వైపు వెళ్లే దారిలో మా ఖాతా ఉన్న కిరాణా కొట్టు. శ్రావణమాసం కదా, పూర్ణాలకీ అరిసెలకీ జనం కిటకిటలాడుతున్నారు, కాటా పక్కన అనకాపల్లి బెల్లం దిమ్మ, వానాకాలం చెమ్మకి అది నీరు కారుతోంది. కొట్టాయన మావయ్యగారి దగ్గర చదువుకున్నాడు, కాబట్టి కాదనలేడు. "మాస్టారూ, ఏటిది, ల్యాప్‌టాపు తూస్తారా!" అని మాత్రం అన్నాడు. చీటీలు రాసే కుర్రగుంటడు పెన్ను చెవికి పెట్టుకుని వింతగా చూస్తున్నాడు.

నా ల్యాప్‌టాప్ పెట్టాను. ఎర్ర అంకెలు తిరిగి తిరిగి 1.240 దగ్గర ఆగాయి. "చూశారా!" అన్నాను. "ఆ 40 గ్రాములు ఎక్కడివి?" అన్నారు లెక్కల మాస్టారు. అప్పుడైనా నాకు బుర్ర వెలగాల్సింది, వెలగలేదు. తర్వాత ఛార్జరు, హబ్బు, హార్డ్‌డిస్కు, మౌసు, స్టాండు ఒక్కొక్కటీ పేర్చుతుంటే వెనకాల మినప్పప్పు కోసం నిలబడ్డావిడ "ఓలమ్మ, ఇంకా ఉన్నాయా" అంది. మొత్తం 2.410. మరిది గేమింగ్ ల్యాప్‌టాప్ ఒక్కటీ పెడితే 2.380. వాడు కొట్టు ముందే గెంతాడు. "నీ ఛార్జర్ పెట్టు!" అని నేను అరిస్తే "పందెం ల్యాప్‌టాప్‌కే వదినా, ఛార్జర్‌కి కాదు" అన్నాడు, మరి నాది మాత్రం పేరంటానికి వచ్చినట్టు చుట్టాలందరితో కలిపి తూచారు కదా, అదేం న్యాయం. మావయ్యగారు తీర్పు చెప్పారు, "తేలికే, కాదన్ను. బరువు ఇందులోంచి తీసి సంచీలో ఏసేరు, అంతే." మా ఆయన ఏమీ అనలేదు. 31 వేలని గ్రాములతో భాగిస్తున్నాడని మొహం చూస్తేనే తెలుస్తోంది.

ఇంటికొచ్చి చూస్తే ల్యాప్‌టాప్ అడుగున జిగట. ఆ 40 గ్రాముల్లో కొంత కాటా పళ్లెం మీదున్న బెల్లప్పాకం అన్నమాట. తడిగుడ్డతో తుడిచేశాను. పైపైన తుడిచాను, గాలి లాగే సన్న జల్లెడ ఉంటుంది కదా అడుగున, దాని సందుల్లోకి దిగినదాన్ని నేను చూడలేదు.

సోమవారం ఇంటి నుంచే పని. జీఎస్టీ లెక్కలు, 14 షీట్ల ఎక్సెల్, ఒక్కో ఫార్ములా కిందకి లాగితే కాసేపు గిర్రున తిరుగుద్ది. ల్యాప్‌టాప్ వేడెక్కింది. ఫ్యాన్ లేచింది. కాసేపటికి ఇల్లంతా కమ్మటి వాసన. అత్తయ్య పూజగదిలోంచి పరిగెత్తుకుంటూ వంటింట్లోకి వెళ్లారు, "పాకం ఎవరు పెట్టేరు? మాడిపోతంది, బేగి దింపండి" అంటూ. పొయ్యి మీద ఏమీ లేదు. వాసన పట్టుకుని హాల్లోకి వచ్చారు, నా దగ్గరికి వచ్చారు, నా ఒళ్లో ఉన్నదాన్ని చూశారు, నన్ను చూశారు. నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. లేత పాకం దాటి ముదురు పాకానికి వచ్చిందని మాత్రం ఆవిడ వాసనతోనే చెప్పేశారు.

ఆ రాత్రి దాన్ని టేబుల్ మీద వదిలేసి పడుకున్నాను.

మర్నాడు పదింటికి వీడియో మీటింగు, క్లయింటు, మా సారు, ఇంకో నలుగురు. నేను మాట్లాడుతుంటే "ఎస్" మీట కిందనుంచి ఒక ఎర్రచీమ వచ్చింది. ఊదేశాను. "ఎంటర్" పక్కనుంచి రెండు. మాట్లాడుతూనే చీరకొంగుతో తుడిచాను. ఈలోపు ఒకటి స్క్రీను ఎక్కి, పైకి, ఇంకా పైకి పోయి, కెమెరా మీద నిలబడింది. అవతల వాళ్ల తెరల మీద నా మొహం పోయి చీమ వచ్చింది, ఏనుగంత. మా సారు ఒక్క క్షణం ఆగి "అమ్మా, అదేంటి?" అన్నారు. "నెట్‌వర్క్ ప్రాబ్లం సార్" అని మూసేశాను. మూసిన మూతలోంచి కూడా వచ్చాయి, వరసగా, ఒకదాని వెనక ఒకటి, సిరిమాను చూడ్డానికి పల్లెల నుంచి జనం దిగినట్టు.

రిపేరు షాపు కుర్రాడు అడుగు పలక విప్పి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మేడం, కాఫీ ఒంపుకున్నోళ్లని చూశాను, పిల్లలు పాలు పోసినవి చూశాను" అని ఆగాడు. బోర్డుకేం కాలేదు, ఫ్యాన్ రెక్కలకీ జల్లెడకీ పట్టింది గీకి తుడిచాడు, 1,200 రూపాయలు. వెళ్లేటప్పుడు వాడే ధైర్యం చెప్పాడు, "పల్చటిది కాబట్టి బతికిపోయారు మేడం, లోపల వేలు దూరే ఖాళీ లేదు. లావు ల్యాప్‌టాప్ అయితే లోపల కాపురం పెట్టేసేవి." 92 వేలు ఎందుకు పెట్టానో మొదటిసారి ఒక బయటి మనిషి నా తరఫున చెప్పాడు. ఆ ముక్క ఇంటికొచ్చి మా ఆయనకి మూడుసార్లు వినిపించాను.

మీటింగు సంగతి ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు, మర్యాదస్తులు. ఒకాయన మాత్రం నా టేబుల్ మీద చీమలమందు సుద్దముక్క పెట్టి వెళ్లాడు.

అంతా సద్దుమణిగింది అనుకున్నాను. నెలాఖరున కొట్టు ఖాతా పుస్తకం ఇంటికొచ్చింది. మా ఆయన ప్రతి లైనూ కూడతాడు, అది ఆయనకి పేపరు చదవడం లాంటిది. సగంలో పెన్ను ఆగింది.

"ఆదివారం నాడు ఏంటిది? బెల్లం 1 కిలో 240. దాని కిందే బెల్లం 2 కిలోల 410. దాని కింద మళ్లీ 2 కిలోల 380."

కుర్రగుంటడు. చెవి మీద పెన్ను. కాటా మీద ఏ అంకె కనపడితే ఆ అంకె రాసుకున్నాడు, ఆ కాటా మీద పొద్దుట్నుంచీ తూగుతున్నది బెల్లమే మరి.

నేను చెప్పేలోపే వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినపడింది, "ఆరు కిలోల బెల్లం తెచ్చి ఎక్కడ పెట్టేవమ్మా? నాకు ఒక్క అచ్చు కూడా కనపడలేదు. చీమలు పట్టేస్తాయి, డబ్బాలో ఎయ్యి."