కొడుకుని పిలిస్తే తప్పేంటి?

2025 జులైలో ఆస్ట్రేలియా టూర్‌లో ఉన్న బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ రగ్బీ జట్టులో (ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ మేటి ఆటగాళ్ళతో కట్టేది) ఎలియట్ డేలీకి చెయ్యి విరిగింది. అతని బదులు కోచ్ ఆండీ ఫారెల్ పిలిపించింది సొంత కొడుకు ఓవెన్‌ని. ఇంకేముంది, దొడ్డిదారి అన్న గోల మొదలైంది.

విమర్శకుల మాట వినడానికి సబబుగానే ఉంటుంది. 2023 వరల్డ్ కప్ తర్వాత ఓవెన్ అప్పటిదాకా ఇంగ్లండ్‌కి ఆడలేదు. 17 ఏళ్ళకే అతనికి ప్రొఫెషనల్‌గా అవకాశం ఇచ్చిన సారసెన్స్, అప్పటికి తండ్రి ఆడుతున్న క్లబ్బే.

సరే, మరి మే నెలలో ప్రకటించిన 38 మంది జాబితాలో ఓవెన్ పేరు ఎందుకు లేదు? కొడుక్కి కట్టబెట్టాలనుకునే తండ్రి అప్పుడే కట్టబెట్టేవాడు కదా! ఇంగ్లండ్ తరఫున 112 మ్యాచుల్లో 1,237 పాయింట్లు, అంతకుముందు ఇంగ్లండ్‌కి అత్యధిక పాయింట్లు చేసిన జానీ విల్కిన్సన్ రికార్డు కూడా దాటేసిన లెక్క. తన్నిన బంతి గోల్‌పోస్టుల మధ్య నుంచి వెళ్ళాలంటే ఎవరి నాన్న ఫోన్ చేసినా లాభం లేదు. 2015 తర్వాత ఆండీ ఇంగ్లండ్ జట్టు కోచింగ్ వదిలి ఐర్లండ్ కోచింగ్ బృందంలో చేరాడు. ఓవెన్ ఇంగ్లండ్ కెప్టెన్ అయింది ఆ తర్వాతే. 2019లో డబ్లిన్‌లో ఐర్లండ్ డిఫెన్స్ బాధ్యత తండ్రిది. కొడుకు కెప్టెన్సీలో ఇంగ్లండ్ అదే డిఫెన్స్ మీద 32 పాయింట్లు కొట్టి గెలిచింది. ఆ రాత్రి ఇంట్లో ఫోన్ మోగిందో లేదో!

లయన్స్ సంగతికొస్తే, రెండో టెస్టులో ఒక దశలో 23-5తో వెనకబడి, 29-26తో గెలిచి సిరీస్ పట్టేశారు. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన ఓవెన్ చివర్లో మైదానంలోనే ఉన్నాడు.

అయితే ఇంటి నుంచి అతనికేమీ రాలేదా? వచ్చింది, చాలానే. ఉత్తర ఇంగ్లండ్‌లోని విగాన్ ఊళ్ళో పుట్టాడు. అప్పటికి ఆండీకి 16 ఏళ్ళే. ఆ తండ్రే తర్వాత ఆ ఊరి రగ్బీ క్లబ్ విగాన్‌కీ, గ్రేట్ బ్రిటన్ జట్టుకీ కెప్టెన్. తల్లివైపు తాత కీరన్ ఓలాక్లిన్ విగాన్ ఆటగాడు, మేనమామ షాన్ కూడా విగాన్ కెప్టెనే. ఆ ఇంట్లో పిల్లాడు బంతి పట్టుకుంటే "పుస్తకం తియ్యి" అనేవాళ్ళెవరు?

తండ్రి 13 మంది ఆడే లీగ్ రగ్బీ వదిలి 15 మంది ఆడే యూనియన్‌కి మారాక కుటుంబం దక్షిణ ఇంగ్లండ్‌కి తరలింది. ఓవెన్ హార్పెండెన్‌లోని సెయింట్ జార్జెస్ స్కూల్లో చేరాడు. అదే స్కూల్లో చదివాడు మారో ఇటోజే. నైజీరియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ, ఇంట్లో రగ్బీ వారసత్వం లేదు. 2025లో ఆండీ లయన్స్ కెప్టెన్‌గా ఎంచుకున్నది ఇతన్నే. నాకు ఓవెన్ కంటే ఈ స్కూలు సంగతే ముఖ్యం. ఇంట్లో లేనిది బడిలో దొరికింది.

మన దగ్గర దొరుకుతోందా? పీవీ సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడాడు. ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ సెమీస్ దాకా రెండుసార్లు వెళ్ళిన గాయత్రి, గోపీచంద్ కూతురు. వీళ్ళ ప్రతిభని శంకించడం నా ఉద్దేశం కాదు. ఆట అంటే భయపడని ఇల్లు వాళ్ళకి దొరికింది, అంతే. డబ్బున్న కుటుంబం కాకపోతే పిల్లల్ని క్రీడల్లోకి పంపొద్దని 2025 ఫిబ్రవరిలో గోపీచందే అన్నాడు. అకాడమీ నడిపే మనిషే అలా అంటే, ఆటో నడిపే తండ్రి ఏమనుకోవాలి?

వారసుల మీద అరవడం తేలిక. మా వీధి చివర ఒక జూనియర్ కాలేజీ ఉంది. నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్, గ్రౌండ్ లేదు. లంచ్ బ్రేక్‌లో కుర్రాళ్ళు సెల్లార్‌లో బైకుల మధ్య ఖాళీ వాటర్ బాటిల్‌తో ఫుట్‌బాల్ ఆడుతుంటారు. బెల్ కొట్టేలోపే వాచ్‌మన్ వచ్చి ఆ బాటిల్ లాక్కుంటాడు.