రివర్బ్ గారూ, ఇక దయచేయండి

మహారాజశ్రీ మా ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌కి శబ్దాలిచ్చే మాడ్యూల్ పెట్టెలో కాపురముంటూ, ప్రతి దెబ్బకీ గది మార్మోగినట్టు మోత తగిలించే రివర్బ్ గారికి,

పర్లాకిమిడి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నిన్న మధ్యాహ్నం చవితి ప్రోగ్రాం రిహార్సల్ పెట్టుకున్నాం. మీ దయవల్ల అది జరగలేదు.

మొదటి పాట పల్లవిలోనే గాయని గారు మైకు దించేశారు. "నూతిలోంచి వాయిస్తన్నావేటి బాబూ?" అన్నారు. సరే, మెనూలోకి దిగి, ఎఫెక్ట్స్ పేజీ వెతికి, మిమ్మల్ని సున్నా మీద కూర్చోబెట్టాను. స్నేర్ డ్రమ్ము స్నేర్‌లా పలికింది. రెండోది ఒడియా పాట, దానికి వేరే కిట్, అంటే మాడ్యూల్‌లో వేరే డ్రమ్ శబ్దాల సెట్. నాబ్ తిప్పి ఒక్క దెబ్బ వేశానో లేదో, మళ్లీ తమరే ప్రత్యక్షం!

కిట్ కిట్‌కీ మీ లెవెల్ వేరట. ఒక దాంట్లోంచి వెళ్లగొడితే ఆ ఒక్కదాంట్లోంచే వెళతారట. మేమేమో తెలుగు పాట ఒకటి, ఒడియా పాట ఒకటి, వంతులవారీగా పాడేవాళ్లం. పాటకో కిట్. అంటే పాటకోసారి మీ దర్శనం. కీబోర్డు అన్న "ఆఉ థొరే" (ఇంకోసారి) అంటూ మళ్లీ మొదటికి రావడం, నేను మెనూలో తలదూర్చడం. తబలా ఆయన టీకని వెళ్లి అటునుంచి అటే ఇంటికి పోయాడు.

మీరెందుకు పుట్టారో నాకు తెలియక కాదు. హెడ్‌ఫోన్స్‌లో గోడలుండవు, దెబ్బ పొడిగా చచ్చినట్టు పలుకుతుంది, అందుకని మీరొచ్చి గోడలు కడతారు. షాపులో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడు ఎవడైనా మురిసిపోతాడు. కొనిపించడానికే కదా ఫ్యాక్టరీ కిట్లకి మిమ్మల్ని అంత దట్టంగా పట్టించింది! కానీ మా కల్యాణ మండపానికి గోడలున్నాయి మహాప్రభో. పైన రేకులు కూడా ఉన్నాయి. ఎదురు గోడ 17 మీటర్ల దూరంలో ఉంటే దెబ్బ వెళ్లి తిరిగొచ్చేసరికి సెకనులో పదో వంతు ఎలాగూ పడుతుంది. దానిమీద తమరి డికే, అంటే మోత చచ్చేదాకా పట్టే సమయం, 2 సెకన్లు. 120 టెంపోలో 2 సెకన్లంటే నాలుగు బీట్లు, ఒక బారు! ఈ బారులో కొట్టిన స్నేర్ వచ్చే బారు దాకా ఏడుస్తూనే ఉంటుంది. ఆ ఏడుపు మీద ఇంకో స్నేర్. వాటిమీద రేకులు.

మీ పక్కింటి కంప్రెసర్ గారి సంగతి ఇప్పుడెత్తను. నేను మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఆయనకి ఒకటే, సమదర్శి. పగటి వెలుతురులో ఒక్క అక్షరం కనబడని ఆ స్క్రీన్‌కి కూడా వేరే ఉత్తరం రాసుకుంటాను.

మధ్యలో రోడ్డుమీద అమ్మవారి ఊరేగింపు వెళ్లింది. ఢోలు, సన్నాయిలాంటి మహురి. ఎవరి దగ్గరా మెనూ లేదు. సందు మలుపు తిరిగేదాకా ప్రతి దెబ్బా విడివిడిగా వినబడుతూనే ఉంది. గాయని గారు నావైపు చూశారు. ఏమీ అనలేదు, అదే బాధ.

అన్ని కిట్లలోంచీ నిన్ను ఒక్కసారే ఆపే స్విచ్ ఉన్న మాడ్యూల్స్ ఉన్నాయి. నాకు దొరికిన దాంట్లో లేదు. కిట్ల పేర్లకి రంగులు మార్చుకోవచ్చు, ఆన్ చేయగానే బొమ్మ ఆడుతుంది, నిన్ను కట్టేయడానికి మాత్రం దారి లేదు! ఇంత డబ్బు పోసి కొన్నవాడు రాత్రి భోజనం మానేసి ఒక్కో కిట్ తెరిచి, నిన్ను దించి, సేవ్ నొక్కి, మళ్లీ బయటికొచ్చి, ఇంకో కిట్ తెరవాలా? ఏం రోగం ఆ స్విచ్ పెట్టడానికి?

ఆ పనే చేస్తున్నాను. సగం కిట్లు అయ్యాయి.

ఒక్కటి మాత్రం వదిలేశాను. చివర్లో నెమ్మది పాట ఒకటుంది, స్నేర్ అంచు మీద కర్ర ఆనించి కొట్టేది. నువ్వు లేకుండా వాయించి చూస్తే వెలితిగా అనిపించింది. ఆ కిట్‌లో ఉండు. 10 మీద పెట్టాను, అక్కడే ఉండు. కాలితో కొట్టే కిక్ డ్రమ్ము జోలికి రాకు. ప్రోగ్రాం ఎల్లుండి.

ఇట్లు,
డ్రమ్స్ వాయించాల్సినవాడు