అవి రాగిరేకులు కావు

పాతకాలపు లండన్ వారపత్రిక ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లోని బొమ్మలు రాగిరేకు మీద చెక్కినవని ఒక వ్యాసంలో రాశారు. కాదండీ, అవి చెక్క దిమ్మలు. రాగిరేకులో సిరా గాట్ల లోపల నిలుస్తుంది, దానికి ప్రెస్సే వేరు. దిమ్మలో ఉబ్బుగా మిగిలిన గీతకే సిరా అంటుతుంది కాబట్టి సీసపు అక్షరాల పక్కనే బిగించి ఒకేసారి అచ్చు వేయొచ్చు. 1842లో మొదలైన ఆ వారపత్రికకు ఇదే ఆయువుపట్టు.

ఆ దిమ్మలకు వాడిన గట్టి చెక్క బాక్స్‌వుడ్; ఆ చెట్టు మాను సన్నం. పేజీ నిండా బొమ్మ కావాలంటే చిన్న ముక్కల్ని వెనక బోల్టులతో బిగించి, బొమ్మ గీశాక విప్పి చెక్కేవాళ్లకు తలా ఒకటి పంచేవారు. అతుకు దాటే గీతల్ని విప్పకముందే చెక్కించాలి, లేదంటే ఆకాశం ఒక ముక్కలో ముదురుగా, పక్కదాంట్లో లేతగా తేలుతుంది. అయినా అతుకు సరిగ్గా కూర్చోకపోతే తెల్లటి సన్నగీత పడేది. పాత సంచికల స్కాన్లు పెద్దవి చేసి చూడండి. తెరచాపల్నీ మనుషుల్నీ లెక్కచేయకుండా నిట్టనిలువుగా దిగే గీత కనిపిస్తే, అది ఓడ తాడు కాదు, అతుకు.