స్టెంట్ వేశాక ‘నార్మల్’ అంటే ఎంత?

గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్న మనిషి ఆరు నెలల తర్వాత రక్తపరీక్ష చేయించుకుంటాడు. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 92 వస్తుంది. పక్కనే ల్యాబ్ వాళ్లు అచ్చువేసిన కొలత: 100 లోపు ఉంటే మంచిది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ‘నార్మలే వచ్చిందిగా, ఇంకా మాత్రలెందుకు?’ అన్న మాట సరిగ్గా అక్కడే పుడుతుంది.

ఆ 100 కొలత గుండెపోటు రాని వాళ్లది. ఒకసారి వచ్చిన వాళ్లకు ఎల్‌డీఎల్ 55 కంటే తక్కువ ఉండాలి, పైగా మందులకు ముందున్న అంకె కనీసం సగానికి పడిపోవాలి అని యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2019లోనే చెప్పింది. మన కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇలాంటి వాళ్లకు 55 లోపే ఉండాలని ఉంది. అసలు ఆ 92 కూడా కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర వేసుకుంటేనే వచ్చింది. ఆపేస్తే కొద్ది వారాల్లోనే పాత అంకెకు చేరుతుంది.

రక్తనాళం మూసుకుపోయిన ఒక్కచోట మాత్రమే స్టెంట్ దారి తెరుస్తుంది. మిగతా రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు జోలికి పోదు. 2017లో కేంద్రం స్టెంట్ ధరలకు కళ్లెం వేసినప్పుడు ఎంత చర్చ జరిగిందో గుర్తుందిగా. ఆ తర్వాత ఏళ్ల తరబడి వేసుకోవాల్సిన మాత్ర గురించి అందులో పదో వంతు చర్చ కూడా నేను చూడలేదు.

చిన్న లెక్క వేద్దాం. మందులకు ముందు ఎల్‌డీఎల్ 140 అనుకోండి. ఎక్కువ డోసు అటోర్వాస్టాటిన్ గానీ రోసువాస్టాటిన్ గానీ (ఈ రకం మాత్రలనే స్టాటిన్లంటారు) దాన్ని సుమారు సగానికి, 70కి దించుతుంది. ఇంకా తగ్గాలని డోసు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది 6 శాతమే. అదే ఎజెటిమైబ్ అనే ఇంకో మాత్ర కలిపితే ఆ 70లో ఐదో వంతు పోయి 56 దగ్గరికి వస్తుంది. కాబట్టి రెండో మాత్ర రాశారంటే జబ్బు ముదిరిందని బెంగపడక్కర్లేదు. దానికీ లొంగకపోతే ఇంజెక్షన్లున్నాయి. వాటిలో ఇంక్లిసిరాన్ మొదటి రెండు డోసుల తర్వాత ఆరు నెలలకోసారి చాలు. ధరే మామూలు కుటుంబానికి అందదు.

వెల్లుల్లి, మెంతులు అంటూ ఇచ్చే సలహాలకు కొదవ లేదు. తిండి మార్చాల్సిందే, మరిగిన నూనెలో మళ్లీ వేయించిన బజ్జీలు మానాల్సిందే. కానీ ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తయారయ్యేది శరీరంలోనే. కాబట్టి పథ్యంతోనే 140ని 55కి దించడం దాదాపు అయ్యే పని కాదు.

ఒళ్లు నొప్పులని మానేసేవాళ్ల సంగతి వేరు. ఇలాంటి బాధలతో స్టాటిన్ మానేసిన 60 మందిపై లండన్‌లో ఓ పరీక్ష చేశారు, ఫలితాలు 2020లో వచ్చాయి. కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి! నొప్పి అబద్ధమని కాదు, కారణం చాలాసార్లు మాత్ర కాదని. నిజంగా కండరాలు దెబ్బతినడం అరుదు. తీవ్రమైన నొప్పితో పాటు మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంకో గందరగోళం ఏడాది దాటాక మొదలవుతుంది. రక్తం పలచబరిచే రెండు మాత్రల్లో ఒకటి ఆపమని డాక్టర్ అంటారు. ఇంట్లో వాళ్లకు అది ‘మాత్రలు ఆపమన్నారు’ అని వినిపిస్తుంది. స్టాటిన్ కూడా దాంతోనే పోతుంది.

తప్పంతా రోగిదే అనడం నాకు ఇష్టం లేదు. డిశ్చార్జి కాగితంలో స్టెంట్ పేరు, పొడవు, వెడల్పు మిల్లీమీటర్లతో సహా రాస్తారు. ఎల్‌డీఎల్ ఎంతకు దించాలో రాసిన కాగితం నాకు అరుదుగా కనబడింది. ‘55 లోపు ఉండాలి, నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ పరీక్ష’ అని ఒక్క లైను రాస్తే సరిపోతుంది. ల్యాబ్ వాళ్లు కూడా ఆ 100 కింద ‘గుండెపోటు వచ్చిన వాళ్లకు ఇది వర్తించదు’ అని అచ్చువేయొచ్చు.