ఆ ఎర్ర సీసా ఎత్తే ముందు ఒక్క చెంచా చారు తాగండి

మొన్న శనివారం మా ఇంటి దగ్గరి వియత్నాం హోటల్‌కి ఎనిమిది మందిమి కలిసి వెళ్ళాం. మేముండేది అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ హోసే తూర్పు వైపు, ఎవర్‌గ్రీన్‌లో. ఇక్కడి నుంచి టల్లీ రోడ్డు ఎక్కితే చాలు, ఫో, అంటే ఎముకల చారులో బియ్యం నూడుల్స్, మాంసం వేసి ఇచ్చే వియత్నాం వంటకం, అమ్మే హోటళ్ళు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తూనే ఉంటాయి. నేను మాత్రం పదమూడేళ్ళుగా ఒక్క చోటే తింటున్నాను. ఒక పక్క లాండ్రీ, ఇంకో పక్క పళ్ళ డాక్టరు, మధ్యలో పన్నెండు బల్లలున్న చిన్న హోటల్.

గిన్నెలు వచ్చాయి. ఇంకా పొగలు కక్కుతున్నాయి. మా వాళ్ళలో ఒక అబ్బాయి చెంచా కూడా ముంచకుండానే ఎర్రటి మిరప సాస్ శ్రీరాచా సీసా ఎత్తి గిన్నె చుట్టూ మూడుసార్లు తిప్పాడు. దాని మీద హొయ్‌సిన్ అనే నల్లటి తియ్యటి సాస్. ఆ పైన మిరప నూనె. చారు మొత్తం ఇటుక రంగుకి తిరిగాక ఒక గుక్క తాగి, "ఏముందిరా ఇందులో, తియ్యగా వెగటుగా ఉంది. వేడినీళ్ళల్లో నూడుల్స్ వేసి 17 డాలర్లా?" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఇంటికెళ్ళాక ఆ హోటల్‌కి రెండు స్టార్లు ఇచ్చి, చప్పగా ఉందని రివ్యూ కూడా రాశాడు.

నాకు నిజంగా బాధేసింది. అక్కడే చెప్పాల్సింది. కోపంలో మాట జారుతుందేమోనని ఊరుకున్నాను. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నేను అనేది ఒక్కటే. ఫో హోటల్ వాళ్ళు అమ్మేది నూడుల్స్ కాదు, మాంసమూ కాదు. చారు. మిగతావన్నీ దానికి తోడు. ఆ చారు రుచి చూడకుండా గిన్నె మీద తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. చారు విలువ తెలియని జాతి ఏదో అన్నదంటే సర్దుకోవచ్చు. ఒంట్లో బాగోలేకపోతే మొదట మిరియాల చారు అడిగే మనం అంటే ఎలా?

ఒకసారి కరెంటు పోయి హోటల్ ఖాళీగా ఉన్న రోజున ఆ యజమానురాలు నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి చూపించింది. నడుము దాకా వచ్చే స్టీల్ కుండ. అందులో పశువు కాలి ఎముకలు, కీళ్ళు, తోక ముక్కలు. ముందు వాటిని ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్ళు మొత్తం పారబోస్తారు. ఎముకలని ఒక్కొక్కటి కుళాయి కింద పెట్టి కడిగి, కొత్త నీళ్ళల్లో వేస్తారు. ఆ మొదటి నీళ్ళు పారబోయకపోతే చారు మడ్డిగా, నీచు వాసనతో వస్తుంది. అల్లం, ఉల్లిపాయ పొట్టు తియ్యకుండా మంట మీద నల్లగా కాలుస్తారు, మనం రోటి పచ్చడికి వంకాయ కాల్చినట్టే. ఆ మసి పైపైన గీకి కుండలో వేస్తారు. మసాలా మూట విప్పి చూపిస్తే నాకు మా అమ్మ పోపుల డబ్బా గుర్తొచ్చింది: అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, నల్ల యాలకలు, ధనియాలు, సోంపు. మన బిరియానీలో పడేవే అన్నీ. కాకపోతే మనం నూనెలో వేయించి, నూరి, ఘాటుగా మొహాన కొట్టేలా వాడతాం. వాళ్ళు విడిగా పెనం మీద వేయించి, మూట కట్టి, నీళ్ళల్లో ఊరనిస్తారు. చివర్లో పటికబెల్లం, చేపల నుంచి తీసిన ఉప్పు సాస్.

ఆ కుండ సలసలా కాగకూడదు. సన్న సెగ మీద అప్పుడప్పుడూ ఒక బుడగ లేస్తూ ఉండాలి, అంతే. కాగితే కొవ్వు చారులో కలిసిపోయి తెల్లగా మబ్బుపడుతుంది. ఎనిమిది గంటలు, పది గంటలు, కొన్ని చోట్ల పన్నెండు. మధ్యమధ్యలో ఎవరో ఒకరు లేచి పైన తేరే నురగ తీస్తూ ఉండాలి. ఆమె హోటల్ తెరిచేది పొద్దున ఎనిమిదికి. అంటే ఆ గిన్నె పని ముందురోజు రాత్రి మొదలైందన్నమాట. అంత చేశాక చారు ఎలా ఉంటుందంటే, చెంచాలోకి తీస్తే చెంచా అడుగు కనిపిస్తుంది. మనవాడు వేడినీళ్ళు అన్నది దాన్ని. అలా కనిపించడానికే ఆ రాత్రంతా!

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో పొద్దున్నే పాతబస్తీకి పాయా తినడానికి వెళ్ళేవాళ్ళం. రాత్రంతా ఉడికిన కాళ్ళు, పెదాలకి అంటుకునే ఆ జిగురు, పక్కన నాన్. దాన్ని ఎవరైనా ఎముకల నీళ్ళు అంటే ఊరుకుంటామా? మా గుంటూరు వైపు చెయ్యి విరిగితే మేక కాళ్ళ చారు కాచి ఇస్తారు. ఎముకని గంటల తరబడి ఉడికించి దాని సారం తియ్యడం మనకి కొత్త విద్య కాదు. వియత్నాంలో కూడా ఫో ప్రధానంగా పొద్దుటి పూట తిండే. రాత్రి భోజనానికి వెళ్ళి చప్పగా ఉంది అనేవాళ్ళు ఒకసారి ఆదివారం పొద్దున ఖాళీ కడుపుతో వెళ్ళి చూడండి.

సాస్‌లు వెయ్యకూడదని నేను అనడం లేదు. ఇది చాలామంది పొరపాటు పడే విషయం, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఫో పుట్టింది ఉత్తర వియత్నాంలో, హనోయ్, నామ్ దిన్ ప్రాంతాల్లో, సుమారు నూట పాతికేళ్ళ కింద. ఫ్రెంచివాళ్ళ పాలనలో పశుమాంసం వాడకం పెరిగి, ఎముకలు మిగిలిపోవడంతో వాటితో చారు కాచడం మొదలైందని అంటారు. ఉత్తరాది ఫో ఇప్పటికీ నిరాడంబరంగా ఉంటుంది: చారు, వెడల్పు బియ్యం నూడుల్స్, మాంసం, ఉల్లికాడలు. 1954లో జెనీవా ఒప్పందంతో దేశం రెండుగా చీలినప్పుడు 8 లక్షలకు పైగా ఉత్తరాది జనం దక్షిణానికి వెళ్ళారు. వాళ్ళతో పాటు ఫో కూడా దక్షిణాది రాజధాని సైగాన్‌లో స్థిరపడింది. అక్కడి వాళ్ళు తమ అలవాటు ప్రకారం మొలకెత్తిన గింజలు, తులసి జాతి ఆకులు, నిమ్మ, హొయ్‌సిన్ బల్ల మీదికి తెచ్చారు. 1975 ఏప్రిల్ 30న సైగాన్ ఉత్తరాది కమ్యూనిస్టుల చేతిలో పడిపోయాక అమెరికాకి వచ్చింది ఎక్కువగా ఆ దక్షిణాది జనమే. అందుకే మనకి ఇక్కడ దొరికేది పళ్ళెం నిండా ఆకులతో వచ్చే సైగాన్ ఫో. ఇంతకీ మనవాడు ఎత్తిన ఆ కోడిపుంజు బొమ్మ సీసా వియత్నాందే కాదు. శ్రీరాచా అనేది థాయ్‌లాండ్‌లో ఒక ఊరి పేరు. 1975 తర్వాత వియత్నాం వదిలి వచ్చిన డేవిడ్ ట్రాన్ 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన కంపెనీ తయారుచేసే సాస్ అది.

కాబట్టి సాస్ తప్పు కాదు. వరుస తప్పు. ముందు ఉత్త చారు రెండు మూడు చెంచాలు తాగండి. ఉప్పు చాలిందా, అనాసపువ్వు వాసన తెలుస్తోందా చూసుకోండి. తర్వాత ఆకులు చేత్తో తుంచి వెయ్యండి. ఆ ఊదా కాడల ఆకు మన తులసికీ సోంపుకీ మధ్యలో ఉంటుంది. రంపపు అంచులున్న పొడుగాకు అచ్చం కొత్తిమీర వాసన వేస్తుంది. నిమ్మ కొద్దిగా పిండండి. కారం కావాలంటే పచ్చిమిర్చి ముక్కలు ఉన్నాయి, వాటిని చారులో వదిలితే నెమ్మదిగా దిగుతుంది. ఎర్ర సాస్, నల్ల సాస్ చిన్న గిన్నెలో కలుపుకుని మాంసం ముక్కని అందులో అద్దుకుని తినండి. హొయ్‌సిన్ తియ్యటి సాస్, దాన్ని చారులో పోస్తే చారు తియ్యగానే ఉంటుంది. తప్పు హోటల్‌ది ఎలా అవుతుంది?

ఇంకో మాట, ఫోటోలు తర్వాత. బియ్యం నూడుల్స్ చారులో నానే కొద్దీ ఉబ్బి మెత్తబడిపోతాయి. పది నిమిషాలు ఫోన్లు పట్టుకుని కూర్చుంటే మిగిలేది జావ.

ఇక డబ్బు సంగతి. ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ మండే విషయం. నేను 2012లో ఈ ఊరు వచ్చినప్పుడు ఇదే గిన్నె 8 డాలర్లు. ఇప్పుడు 17. రెట్టింపు దాటింది, నిజమే. కానీ 2013లో శాన్ హోసేలో కనీస కూలి గంటకి 10 డాలర్లు ఉండేది, 2025కి 17.95 అయింది. ఎముకలు, బియ్యం నూడుల్స్, గ్యాస్, అద్దె, ఏదీ పాత ధరకి దొరకదు. మన జీతాలు మాత్రం అప్పటి జీతాలేనా? అదే మిత్రబృందం డౌన్‌టౌన్‌లో 24 డాలర్లు పెట్టి పాస్తా తిని, టిప్పు కూడా ఘనంగా ఇచ్చి, ఆంబియెన్స్ బాగుందని పోస్టు పెడుతుంది. ఉడకబెట్టిన పిండి మీద టమాటా గుజ్జుకి 24 ఇవ్వొచ్చు, రాత్రంతా మేలుకుని కాచిన చారుకి 17 ఎక్కువా? ఆసియా వాళ్ళ తిండి చవగ్గానే ఉండాలన్న ఆలోచన మనకెందుకు పట్టుకుంది? రేపు మన ఇడ్లీ హోటల్‌కి కూడా ఇదే మాట వస్తుంది. వస్తోంది కూడా. గంటల తరబడి రుబ్బి, రాత్రంతా పులియబెట్టిన పిండిని "జస్ట్ రైస్ కేక్" అని ఎవరో రాస్తే మన గ్రూపుల్లో ఎంత గోల చేశాం!

గొడ్డు మాంసం తినము, మాకెందుకు ఈ గోల అనే వాళ్ళు చాలామంది ఉన్నారు, మా ఇంట్లోనే ఉన్నారు. మీకోసం ఫో గా ఉంది, కోడితో చేసేది. అదేదో మనలాంటి వాళ్ళ కోసం ఇక్కడ పుట్టించిన సర్దుబాటు కాదు. 1939 ప్రాంతంలో హనోయ్ బజార్లలో సోమ, శుక్రవారాల్లో గొడ్డు మాంసం అమ్మకం ఉండేది కాదని, అప్పుడే కోడి ఫో మొదలైందని చెబుతారు. కొన్ని హోటళ్ళలో కోడి ముక్కలు వేసి ఎముకల చారే పోస్తారు, కాబట్టి చారు దేనితో కాచారని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. శాకాహారులైతే 'చాయ్' అని ఉందేమో చూడండి. మన చాయ్ కాదు, వియత్నామీస్‌లో శాకాహారం అని అర్థం. అక్కడి బౌద్ధుల్లో చాలామంది చాంద్రమాన నెలలో ఒకటో రోజున, పదిహేనో రోజున మాంసం ముట్టరు. మన అమావాస్య, పౌర్ణమి లెక్క దగ్గరదగ్గరగా అదే. ముల్లంగి, క్యారెట్, పుట్టగొడుగులు, కాల్చిన ఉల్లిపాయతో కాచే ఆ చారు మా అత్తగారికి ఎంత నచ్చిందంటే, ఇండియా వెళ్ళాక ఫోన్ చేసి కొలతలు అడిగింది. మామూలు హోటల్‌లో కూరగాయల ఫో తీసుకుంటే మాత్రం చేపల సాస్ వేశారా అని తప్పక అడగండి.

ఆ యజమానురాలిని నేను 'కో' అంటాను. వాళ్ళ భాషలో మేనత్త అని. పరాయి వాళ్ళనైనా మనలాగే వరస పెట్టి పిలుస్తారు. ఆమె నన్ను 'కాన్' అంటుంది, బిడ్డా అని. ఆమె చిన్నప్పుడు పడవ మీద దేశం దాటింది. వాళ్ళమ్మ ఇక్కడికొచ్చి కంపెనీల్లో సర్క్యూట్ బోర్డులు అతికే పనిచేసింది. ఎనభైల్లో ఈ సిలికాన్ లోయలో ఆ పనికి కూర్చున్న వాళ్ళలో వియత్నాం ఆడవాళ్ళు ఎంతోమంది. మనం కోడ్ రాయడానికి దిగే నాటికి వాళ్ళు ఇక్కడ చేతులు కాల్చుకుని ఉన్నారు. ఇప్పుడు వియత్నాం బయట వియత్నాం జనం అందరికంటే ఎక్కువగా ఉన్న నగరం ఇదే. హోటళ్ళ పేర్లలో 54, 75 లాంటి అంకెలు కనిపిస్తే అవి తలుపు నంబర్లు అనుకోకండి. చాలాసార్లు అవి వాళ్ళు ఇల్లు వదిలిన సంవత్సరాలు.

మూడేళ్ళ కిందట చలికాలంలో నాకు ఫ్లూ వచ్చి వారం రోజులు మంచం దిగలేదు. మా ఆయన వెళ్ళి ఫో అడిగితే, ఎవరికి, ఏమైందని అడిగి, మాంసం వెయ్యకుండా ఉత్త చారు పెద్ద డబ్బా నిండా పోసి, కాల్చిన అల్లం ఎక్కువ వేసి పంపింది. డబ్బులు తీసుకోలేదు. నాలుక చచ్చిన ఆ రోజుల్లో నాకు తెలిసిన ఒకే ఒక్క రుచి ఆ చారు.

అందుకే ఆ రెండు స్టార్లు చూసి ఊరుకోలేకపోయాను. నిన్న ఆ అబ్బాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు వాదించాడు. ఈ శనివారం పొద్దున ఎనిమిదికి, హోటల్ తెరవగానే, ఇద్దరం వెళ్ళేలా ఒప్పించాను. డబ్బులు నావి. మూడు చెంచాల చారు లోపలికి వెళ్ళేదాకా ఎర్ర సీసా నా చేతిలోనే ఉంటుందని ముందే చెప్పాను. "సరే అక్కా, రివ్యూ సంగతి తిన్నాక చూద్దాం" అన్నాడు.