సవరణ: ఆ 40 శాతం వరంగల్ మిర్చి లెక్క కాదు

చీడపీడలతో ఏటా 40 శాతం దాకా పంట పోతోందన్న మొన్నటి మాటను కొందరు మన మిర్చికి అన్వయించుకున్నారు. అది ప్రపంచ పంటలన్నిటికీ కలిపి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వేసిన అంచనా. ఒక్కో చేను లెక్క వేరు. 2021లో నల్ల తామర పురుగు (రసం పీల్చే సన్నటి పురుగు) పడ్డ మిర్చి చేన్లను చూసినోళ్లకు 40 తక్కువే అనిపిస్తది.

ఈ పురుగు ఆకులతో ఆగదు, పూలల్ల దూరుతది. పువ్వును తెల్లకాగితం మీద దులిపితే నల్లగా నలుసుల్లా కదులుతయి.

ఏ మందు కొట్టాలని అడిగినోళ్లకు: సింథటిక్ పైరిత్రాయిడ్ల (ఒక రకం రసాయన పురుగుమందుల) జోలికి పోకండి. చీడల్ని తినే మిత్రపురుగులు చచ్చి ఇదే ఇంకా పెరుగుతది. పురుగులు వచ్చి అంటుకునే నీలిరంగు జిగురు అట్టలు పూతకు ముందే పెట్టుకోండి. దుకాణంల చెప్పిండని నాలుగు డబ్బాలు కలిపి కొట్టుడు మాత్రం వద్దే వద్దు.