విండో మెనూకి ఒక్క లైను రాయడానికి ఇంత బద్ధకమా?

డెస్క్‌టాప్ అప్లికేషన్లలో పైన ఫైల్, ఎడిట్ అంటూ ఉండే మెనూ బార్ ఎలా మాయమవుతూ వచ్చిందో అందరికీ తెలిసిందే. 2007లో ఆఫీస్‌కు మెనూల బదులు బొమ్మల బటన్ల పట్టీ, అంటే రిబ్బన్, వచ్చింది, 2008లో విండోస్‌లో క్రోమ్ అసలు మెనూ బార్ లేకుండానే దిగింది. ఆ తర్వాత మూలన మూడు గీతల బొమ్మ పెట్టి అన్నీ అందులో కుక్కేయడం ఫ్యాషనైపోయింది. ఆ ఊపులో, తెరిచి ఉన్న విండోల జాబితా చూపించే విండో మెనూ కూడా కొట్టుకుపోయింది.

అది కష్టమైన పనైతే సరే అనుకోవచ్చు. మ్యాక్‌లో ఒక మెనూ తయారుచేసి యాప్ మొత్తానికి ప్రతినిధి అయిన ఎన్‌ఎస్‌యాప్ ఆబ్జెక్ట్‌లోని విండోస్‌మెనూ ప్రాపర్టీకి అప్పగిస్తే చాలు. డాక్యుమెంట్ విండో తెరవగానే దాని పేరు జాబితాలో చేరుతుంది, మూసేస్తే పోతుంది, వాడుతున్నదాని పక్కన టిక్కు పడుతుంది. విండోస్‌లో ఒకే పెద్ద విండోలో చాలా డాక్యుమెంట్లు తెరిచే పాత పద్ధతి, విన్32 ఎండీఐలో అయితే క్లయింట్ విండోకి మెనూ హ్యాండిల్ ఇస్తే, తొమ్మిది విండోల వరకు అంకెలు వేసి మరీ చూపిస్తుంది. వెబ్ కోడ్‌తో డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే ఎలక్ట్రాన్‌లో ఇంకా సుఖం: మెనూ టెంప్లేట్‌లో రోల్ దగ్గర ‘విండోమెనూ’ అని రాస్తే మినిమైజ్ లాంటివన్నీ వచ్చి కూర్చుంటాయి.

అయినా చాలామంది మెనూకి నల్ (ఏమీ లేదు అనే విలువ) ఇచ్చి చేతులు దులుపుకుంటారు. మ్యాక్‌లో సొంత మెనూ రాసుకుంటూ కాపీ, పేస్ట్ లాంటి ఎడిట్ రోల్స్ మర్చిపోతే కమాండ్-సీ, కమాండ్-వీ కూడా పనిచేయవు. అక్కడ షార్ట్‌కట్లు మెనూ ఐటమ్‌లనే పట్టుకుని ఉంటాయి మరి! కాపీ పేస్ట్ రాని యాప్‌ను కస్టమర్ మీదికి వదిలాక మొదలవుతుంది టెన్షన్.

ల్యాప్‌టాప్ తెర చిన్నది, చోటు వృథా అంటారు. మ్యాక్‌లో ఆ బార్ ఎలాగూ తెర పైనే ఉంటుంది. విండోస్‌లో ఫైర్‌ఫాక్స్ మెనూ బార్‌ను దాచేసినా ఆల్ట్ నొక్కితే వస్తుంది. కాబట్టి చోటు అనేది సాకు.

నాకు అసలు మంట వేరే. సిస్టమ్ ఇచ్చే మెనూ ఏమిటో ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌కు చెప్పక్కర్లేదు, అదే చదివి వినిపిస్తుంది. వెబ్ పేజీలో వాడే ఉత్త డబ్బాలు, అంటే డివ్‌లు, పేర్చి మెనూలా రంగులద్దితే, ‘ఇది మెనూ’ అని చెప్పే రోల్స్ విడిగా రాయనంతవరకు అది ఉత్త అక్షరాల గుంపు. చూపులేని ఉద్యోగి దాంతో ఏం చేయాలి? వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. ప్రభుత్వ ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు డెమో రోజున రంగులు చూసి తలూపడం మానాలి. మౌస్ పీకేసి, మూడు విండోలు తెరిపించి, మెనూలోంచి రెండోదానికి వెళ్లి చూపించమనాలి. వెళ్లలేకపోతే బిల్లు ఆపాలి.